ప్యాడ్ల మీద పన్ను తీసేశాక

పన్ను తగ్గించారు అన్న వార్త టీవీలో మొదలైతే మా ఇంట్లో వాళ్లు చానల్ మార్చేస్తారు. నాకు కోపం వస్తుందని వాళ్లకి తెలుసు. పన్నుల శాఖలో పనిచేసి రిటైరైన మనిషికి జనం నాలుగు రూపాయలు మిగుల్చుకుంటే ఏడుపని మా ఆయన వెక్కిరిస్తాడు. పన్నులు ఎక్కువ ఉండాలని నేనెప్పుడూ అనలేదు. తగ్గించిన డబ్బు ఎవరి జేబులోకి పోయిందో దగ్గరుండి చూశాను కాబట్టి ఆ చప్పట్లు నాకు వినబుద్ధి కాదు.

బోడుప్పల్‌లో మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే శ్రావణి అనే అమ్మాయి ఈ మధ్య పరీక్ష రాసి మా శాఖలో ఉద్యోగం తెచ్చుకుంది. ట్రైనింగ్‌కి వెళ్లే ముందు వచ్చి, "ఆంటీ, ఆఫీసుల ఎట్లుండాలె, ఏం జెయ్యాలె, జర చెప్పరాదు" అంది. ఫైలు ఎటు పోతుంది, సెలవు ఎలా పెట్టాలి, ఎవరికి నమస్కారం పెట్టాలి అన్నవి నేర్పడానికి ఆఫీసులో బోలెడుమంది ఉంటారు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. ఆమె కోసం, ఆమెలా కొత్తగా చేరేవాళ్ల కోసం రాస్తున్నాను. మర్యాద తక్కువైందనిపిస్తే సర్దుకోండి.

గేటు మార్చిన ఫ్యాక్టరీ

మా నాన్న గుంటూరు జిల్లా నుంచి గుమాస్తాగా వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డాడు. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మొదటి పోస్టింగ్ నాచారం. ఇంటికి దగ్గరని అందరూ సంతోషించారు. నా మొదటి ఆఫీసరు నరసింహం గారు. మనిషి ముక్కోపి. టీ చల్లారితే ప్యూన్ మీద, చల్లారకపోతే మా మీద అరిచేవాడు. కానీ పని నేర్పాడు.

తనిఖీకి వెళ్తే లెక్కల పుస్తకాలు ముందు తెరవనిచ్చేవాడు కాదు. ముందు కరెంటు మీటరు చూడమనేవాడు. తర్వాత షెడ్డు వెనక తుక్కు ఎంత పడి ఉందో చూడమనేవాడు. తర్వాత గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడి, రాత్రి షిఫ్టుకి ఎన్ని టీలు పోతున్నాయో మాటల్లో లాగమనేవాడు. పుస్తకాలు ఆఖరున. "వాళ్లు అవి మనకోసమే రాసిపెట్టారమ్మా, ఎక్కడికీ పోవు" అనేవాడు. ఇప్పుడు అన్నీ కంప్యూటర్‌లో చూస్తున్నారు. చూడండి, వద్దనను. నెలకోసారైనా కుర్చీ దిగి మీటరు కూడా చూడండి.

అప్పట్లో కొత్తగా ఫ్యాక్టరీ పెట్టినవాళ్లకి కొన్నేళ్లపాటు అమ్మకం పన్ను మాఫీ ఉండేది. నాచారంలో ఒక పెద్ద ఫ్యాక్టరీకి ఆ గడువు అయిపోయింది. మేం వెళ్లేసరికి పాత గేటుకి తాళం. అదే కాంపౌండ్‌కి వెనక వీధిలో కొత్త గేటు, కొత్త బోర్డు, కొత్త పేరు. కొత్త ఫ్యాక్టరీ కాబట్టి మళ్లీ మాఫీ కావాలని దరఖాస్తు పెట్టారు. లోపల అవే మెషిన్లు, అదే మీటరు, అదే తుక్కు. నరసింహం గారు ఉన్నది ఉన్నట్టు రాసి పైకి పంపాడు. పైనుంచి మాఫీ ఇస్తూ ఉత్తర్వు వచ్చింది.

ఆ కాంపౌండ్ గోడకి ఆనుకుని యాదగిరి అనే ఆయన బోల్టులు చేసే చిన్న షెడ్డు నడిపేవాడు. నెలనెలా పన్ను కట్టేవాడు. ఆ మాఫీ సంగతి తెలిసి మా జీపు ఆపాడు. "సార్, నేను గూడ ఎనకకెల్లి గేటు వెట్టుకుంటె నాకిస్తరా?" అని అడిగాడు. వెటకారం అనుకున్నాను. మొహం చూస్తే నిజంగానే అడుగుతున్నాడు. అతని షెడ్డుకి వెనక వీధి లేదు, మురిక్కాలవ ఉంది.

నరసింహం గారు డ్రైవర్ని బండి పోనివ్వమన్నాడు. జీపు కదిలాక నాతో అన్నాడు: "చూశావుగా అమ్మా. తగ్గింపు అంటే అడిగి తెచ్చుకోగలిగినవాడికి వచ్చేది. పద్ధతి మార్చామనుకో, అడగడం చేతకానివాడికి కూడా వస్తుంది. మనవాళ్లకి మొదటిది సులువు, అందుకే అదే చేస్తారు." పన్ను తగ్గింపుకీ పన్ను సంస్కరణకీ తేడా ఏమిటని తర్వాత చాలా ట్రైనింగుల్లో చాలామంది బోర్డు మీద గీతలు గీసి చెప్పారు. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

తిట్లు తిన్న పని

పద్ధతి మార్చడం ఎలా ఉంటుందో కూడా చూశాను. పాత రోజుల్లో ఒక ఇనప బీరువా అమ్మితే రేకు మీద పన్ను, రంగు మీద పన్ను, తాళం మీద పన్ను, అవన్నీ కలిసిన బీరువా ధర మీద మళ్లీ పన్ను. పన్ను మీద పన్ను పడేది, కొనేవాడికి తెలిసేది కాదు. ఆ పద్ధతి తీసేసి, బీరువా చేసేవాడు రేకు కొన్నప్పుడు కట్టిన పన్నుని తాను కట్టాల్సిన దాంట్లోంచి మినహాయించుకోవచ్చు అన్నారు. అంటే గొలుసులో ఒక్కొక్కరూ తాము పెంచిన విలువ మీదే కడతారు. దీనికి కొన్న బిల్లు ఉండాలి, అమ్మిన బిల్లు ఉండాలి.

ఈ ముక్క చెప్పడానికి ఉప్పల్ బజారులో దుకాణం దుకాణం తిరిగాం. షట్టర్లు దించి ధర్నా చేశారు. ఒకాయనైతే, "మీ చదువు మీ తానే ఉంచుకోన్రి మేడం, గిరాకీ టైముల తల తినకుండ్రి" అని మొహం మీదే అన్నాడు. ఒక్కరూ దండ వెయ్యలేదు. సంస్కరణకి దండలు పడవు, ఎందుకంటే దానివల్ల లాభపడేవాడికి తాను లాభపడ్డట్టు తెలియడానికి ఏళ్లు పడుతుంది, నష్టపడేవాడికి మాత్రం ఆ సాయంత్రమే తెలుస్తుంది.

కొత్త పద్ధతి గొప్పదని చెప్పడం లేదు. సర్వర్లు పడుకునేవి. చిన్నవాడు ఆడిటర్ల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్నాడు. అయినా ఆ గొలుసు తెగకుండా ఉన్నంతవరకూ యాదగిరి లాంటివాడు కట్టింది యాదగిరికి తిరిగొచ్చేది. గొలుసుని మధ్యలో తెంపి, దానికి పన్ను తగ్గింపు అని పేరు పెడితే ఏమవుతుందో నా ఉద్యోగం చివరి భాగంలో చూశాను.

ఆ ఐటెం

సువార్తమ్మది జనగామ వైపు పల్లె. పెళ్లయ్యాక పీర్జాదిగూడ వచ్చింది. భర్త ఆటో నడుపుతాడు. బట్టల కంపెనీలో కుట్టుపని చేసి చేసి, చివరికి తన చర్చిలోని కొందరు ఆడవాళ్లతో కలిసి బ్యాంకు అప్పు తీసుకుని, నాచారంలో ఒక షెడ్డు అద్దెకి పట్టి, ఆడవాళ్లు నెలనెలా వాడుకునే ప్యాడ్లు తయారుచేసే మెషిన్ పెట్టింది. ఉప్పల్ చుట్టూ ఉన్న లేడీస్ హాస్టళ్లు, స్కూళ్లు, కొన్ని మెడికల్ షాపులు ఆమె దగ్గర కొనేవి. హాస్టళ్ల వాళ్లు బిల్లు అడుగుతున్నారని తనే వచ్చి మా ఆఫీసులో పన్నుకి పేరు నమోదు చేయించుకుంది. చాలామంది మేం వస్తే వెనక తలుపు వెతుక్కుంటారు. ఈవిడ ముందు తలుపు తోసుకుని వచ్చింది.

ఆ ఫైలు మగ ఆఫీసర్లెవరూ ముట్టుకోలేదు. నాలుగు ఊళ్ల నీళ్లు తాగిన ఆఫీసర్లు, పెళ్లాలూ కూతుళ్లూ ఉన్నవాళ్లు, ఆ మాట నోటితో అనలేరు. "మేడం, ఆ ఐటెం మీరు చూడండి" అని నా టేబుల్ మీద పెట్టి తల తిప్పుకుని వెళ్లేవారు. మీటింగుల్లో కూడా ఆ ఐటెమే. నోటితో అనడానికి సిగ్గుపడే వస్తువు గురించి ఎవరు చదువుతారు, ఎవరు ఆలోచిస్తారు? తర్వాత జరిగినదానికి ఈ సిగ్గు సగం కారణం అని నేను ఇప్పటికీ అంటాను.

సువార్తమ్మ దూది గుజ్జు, పలచటి గుడ్డ, జిగురు, ప్లాస్టిక్ షీటు, కవర్లు కొన్నప్పుడు పన్ను కట్టేది. ప్యాడ్లు అమ్మినప్పుడు కట్టాల్సిన పన్నులోంచి దాన్ని మినహాయించుకునేది. బండి సాఫీగా నడిచేది. అప్పుడు ప్యాడ్ల మీద పన్ను మొత్తం తీసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. ఆడవాళ్ల వస్తువు మీద పన్నేమిటని జనం చాలాకాలంగా అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు, నేనూ అడిగినదాన్నే. కానీ తీసేసిన తీరులో తిరకాసు ఉంది. మధ్యాహ్నం భోజనం వదిలేసి ఆటో ఎక్కి నాచారం వెళ్లాను.

షెడ్డు ముందు ఆడవాళ్లు పండగలా ఉన్నారు. సువార్తమ్మ లడ్డూల డబ్బా పట్టుకుని ఎదురొచ్చింది. ఎవరో పత్రికాయన ఫోటో తీసుకుని అప్పుడే వెళ్లాడట.

"తీస్కోండ్రి మేడం, నోరు తీపి జేస్కోండ్రి. మనదానికి పన్ను లేదంట, టీవీల జెప్పిన్రు."

"రేటు ఏమన్నా మార్చావా?" అని అడిగాను.

"మార్చకుంటె ఎట్ల? పన్ను ఎంతుండెనో గంత మొత్తం తగ్గించిన. హాస్టళ్లకు పొద్దుగాల్నే ఫోన్లు జేసి చెప్పిన. కొత్త రేటుతోని కవర్లు గూడ అచ్చుకిచ్చిన."

"మొత్తం ఎందుకు తగ్గించావు సువార్తమ్మా?"

నా ప్రశ్న ఆమెకి వింతగా అనిపించింది. "పన్ను సర్కారుది గదా మేడం. సర్కారే వద్దన్నంక గా పైసలు నేను దగ్గర వెట్టుకుంటె దొంగతనం గాదా? ప్రభువు సూడడా?"

దేశం మొత్తం మీద ఆ రోజు ఆ పని చేసింది ఈ షెడ్డు ఒక్కటేనేమో అనిపించింది. ఆమెని కూర్చోబెట్టాను. "గుజ్జు కొన్నప్పుడు కట్టే పన్ను ఇన్నాళ్లూ ఎందులోంచి తీసుకునేదానివి?"

"ప్యాడ్ల పన్నులకెల్లి కట్ జేస్కునేదాన్ని."

"ఇప్పుడు ప్యాడ్లకి పన్నే లేదు. ఎందులోంచి కట్ చేసుకుంటావు?"

ఆమె లడ్డూల డబ్బా పక్కన పెట్టింది. "మరి గుజ్జు మీద గూడ తీసేసిన్రా?"

"లేదు."

"గుడ్డ మీద?"

"లేదు."

"జిగురు?"

తల అడ్డంగా ఊపాను.

"గట్లయితె ఏం తీసేసిన్రు మేడం?" అంది.

నాకు జవాబు తెలుసు. తీసేసింది ఆమె కట్టిన పన్ను వెనక్కి వచ్చే దారిని. సరుకు మీద పన్ను అలాగే ఉంది, అది ఇప్పుడు ఆమె నెత్తిన ఖర్చుగా కూర్చుంది. అది చాలదన్నట్టు, చట్టంలో ఇంకొకటుంది. వస్తువుకి పన్ను పోయినప్పుడు, షెడ్డులో ఇంకా మిగిలున్న సరుకు మీద అంతకుముందు తీసుకున్న మినహాయింపు తిరిగి కట్టాలి. పన్ను తీసేశారని లడ్డూలు పంచిన మనిషికి ఆ నెలలోనే పన్ను కట్టమని నోటీసు వెళ్లింది. సంతకం నాది. ఆ సంతకం పెడుతున్నప్పుడు నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

రేటు ఎవరి చేతిలో ఉంది

రేటు మళ్లీ కొంచెం పెంచుకోమని చెప్పాను. ప్రయత్నించింది. ఒక హాస్టల్ వార్డెన్, "పన్ను లేదని ఊరంత మొత్తుకుంటుంటె నువ్వు రేటు పెంచుతవా? నమ్మినందుకు మంచిగ జేసినవమ్మా" అని ఫోన్ పెట్టేసింది. ఆ వార్డెన్‌కి గుజ్జు సంగతి, జిగురు సంగతి ఎవరు చెప్తారు? సువార్తమ్మ మళ్లీ నోరు మెదపలేదు. ప్రతి ప్యాకెట్ మీదా చేతినుంచి వేసుకుంటూ అమ్మింది.

అదే సమయంలో పీర్జాదిగూడలో ప్రభాకర్ అనే డిస్ట్రిబ్యూటర్ గోదాం పెద్దదయింది. అతను విదేశాల్లో తయారైన ప్యాడ్లు తెప్పించి అమ్ముతాడు. అవతలి దేశం ఎగుమతి సరుకు మీద పన్ను లేకుండా పంపుతుంది. ఇక్కడ రేవులో కట్టాల్సిన మన పన్ను కూడా పోయింది. అతని మీద గుజ్జు పన్ను లేదు, జిగురు పన్ను లేదు. ప్యాకెట్ రేటు మాత్రం పైసా తగ్గించలేదు. తగ్గించకుండా మిగిలినదాంట్లో కొంత మెడికల్ షాపులవాళ్లకి కమీషన్‌గా పెంచాడు. వాళ్లు సువార్తమ్మ ప్యాకెట్లని కింది అరలోకి తోసి అతనివి ఎదురుగా పెట్టారు.

రేటు ఎందుకు తగ్గలేదని తనిఖీలో అతన్ని అడిగాను. "డాలర్ పెరిగింది మేడం. అయినా కంపెనీ పాలసీ, నా చేతుల్ల ఏముంది" అన్నాడు నవ్వుతూ. తగ్గించకపోతే ఫిర్యాదు చేయొచ్చని రూలుంది. ఎవరు చేస్తారు? మెడికల్ షాపువాడు నల్ల కవర్లో చుట్టి దొంగసొత్తులా చేతిలో పెట్టే వస్తువు రేటు గురించి ఏ ఆడపిల్ల కౌంటర్ దగ్గర నిలబడి గొడవపడుతుంది? ఆ సిగ్గు కూడా అతనికి లాభమే అయింది.

శాలువా

ఇదంతా వివరంగా రాసి పైకి పంపాను. జవాబు రాలేదు. దాని బదులు ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో వ్యాపారుల సభ పెట్టారు. పన్ను తగ్గింపుతో మేలు పొందినవాళ్లకి సన్మానం. పత్రికలో వచ్చిన లడ్డూల ఫోటో మా పెద్దసారు చూశాడు. సువార్తమ్మని పిలవమన్నాడు. ఆ ఫోటో తీసిన నెలలోనే ఆమె పరిస్థితి తలకిందులైందని చెప్పబోతే, "మేడం, నెగెటివ్‌గా ఆలోచించకండి" అన్నాడు.

ఆమె మంచి చీర కట్టుకుని వచ్చింది. పెద్దసారు మైకులో, "మహిళల... ఆ యొక్క ఐటెం మీద పన్ను ఎత్తివేయడం వల్ల ఇలాంటి చిన్న సంస్థలు ఎంతో లాభపడ్డాయి" అని శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చాడు.

సువార్తమ్మ మైకు రెండు చేతులతో పట్టుకుంది. "సార్, మాకు పన్ను ఏయండ్రి" అంది.

హాలంతా నవ్వులు.

"నవ్వకుండ్రి. కొంచెమే ఏయండ్రి. గది ఏస్తే కొన్నకాడ నేను కట్టింది నాకు వాపస్ వస్తది. గది ఇష్టం లేకుంటె గుజ్జు మీద, గుడ్డ మీద గూడ తీసేయండ్రి. రెండిట్ల ఏదో ఒకటి జేయండ్రి సార్. గిట్లనే ఉంటె నా షెడ్డు బందయితది. నా తాన పనిజేసే ఆడోళ్లు ఏడికి వోవాలె?"

ఇంత సూటిగా, ఇంత పొట్టిగా సంస్కరణ అంటే ఏమిటో ఏ కమిటీ రిపోర్టులోనూ నేను చదవలేదు. పెద్దసారు భుజాలు ఊగేలా నవ్వాడు. "పన్ను వెయ్యమని అడిగిన మొదటి వ్యాపారివి నువ్వేనమ్మా! ఈమె అమాయకత్వానికి అందరూ చప్పట్లు కొట్టాలి" అన్నాడు. కొట్టారు. ముందు వరుసలో కూర్చున్న ప్రభాకర్ అందరికంటే గట్టిగా కొట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి, ఆమె చెప్పింది అక్షరాలా నిజమని, ఎందుకో వివరిస్తానని అన్నాను.

"మేడం, ఇది సన్మానం. క్లాసు కాదు. కూర్చోండి" అన్నాడు.

"అయితే సన్మానమైనా సరిగ్గా చెయ్యండి సార్. ఆ శాలువా ముందు వరుసలో కూర్చున్నాయనకి కప్పాలి" అన్నాను.

తర్వాత నాకేమైందో ఇక్కడ అనవసరం. సభ గురించి పైకి వెళ్లిన రిపోర్టులో, తగ్గింపుని చిన్న పరిశ్రమలు హర్షించాయని రాశారు.

కొత్తవాళ్లకి

శ్రావణీ, ఏదైనా వస్తువు మీద పన్ను తగ్గించారని ఉత్తర్వు నీ టేబుల్ మీదికి వస్తే చప్పట్లు కొట్టకముందు ఆ వస్తువు తయారయ్యే చోటికి ఒకసారి వెళ్లి చూడు. దానిలోకి ఏమేం వెళ్తాయో, వాటి మీద పన్ను సంగతేమిటో అడుగు. దుకాణంలో దాని రేటు ఎవరు రాస్తారో చూడు. రేటు రాసేవాడు బలమైనవాడైతే తగ్గింపు అతని దగ్గరే ఆగిపోతుంది. ఆ తగ్గింపుని అడిగినవాళ్లెవరో, దానితో ఎదిగినవాళ్లెవరో కనుక్కో. ఇద్దరూ ఒకరే అయిన సందర్భాలు చాలా చూస్తావు. ఇక్కడ అడిగినవాళ్లు ఆడవాళ్లు, దక్కించుకున్నది ప్రభాకర్. ఇంతకంటే నాకు కోపం తెప్పించే విషయం ఇంకోటి లేదు.

వస్తువు పేరు పలకడానికి సిగ్గుపడకు. నువ్వు సిగ్గుపడితే ఆ ఫైలు చదివేవాళ్లెవరూ ఉండరు.

నేను రిటైరయ్యే ముందే సువార్తమ్మ షెడ్డు మూతపడింది. మెషిన్ తుక్కు ధరకి పోయింది. బ్యాంకు అప్పు భర్త ఆటో మీదికి వచ్చింది. ఆ తర్వాత ఆమెని చూడలేదు. చూడటానికి నాకు మొహం చెల్లలేదనే చెప్పాలి.

మొన్నామధ్య పీర్జాదిగూడలో మందులు కొనడానికి ఒక మెడికల్ షాపుకి వెళ్తే కౌంటర్ దగ్గర కనబడింది. వెంట చిన్న కూతురుంది, పదో తరగతి చదువుతోందట. ఇప్పుడు ఎక్కడ చేస్తున్నావని అడిగాను.

"ప్రభాకర్ సార్ గోదాంల మేడం. డబ్బాలకెల్లి తీసి స్టిక్కర్లు ఏసుడు. మాతోని చేసినోళ్లు కొందరు గూడ గక్కడ్నే ఉన్నరు."

షాపతను ఒక ప్యాకెట్ నల్ల కవర్లో చుట్టబోతుంటే ఆమె ఆపింది. "చుట్టకు, గట్లనే ఇయ్యి" అని తీసుకుని కూతురి చేతిలో పెట్టి, డబ్బు ఇచ్చింది. అది ప్రభాకర్ తెప్పించే ప్యాకెట్టే.

"షెడ్డు ఉన్నన్ని దినాలు నా పెద్ద బిడ్డకు నేను జేసిందే ఇచ్చిన మేడం. దీనికి కొంటున్న" అంది. "పన్ను లేదని మీద రాసుంది సూడండ్రి. స్టిక్కర్ నేనే ఏసిన. రేటు మాత్రం గదే ఉంది."